డీకో డైవ్‌కి బోటు మాట్లాడుకోవడం ఎలా? చెన్నై నుంచి వెళ్లేవాళ్ల కోసం

"అన్నా, ట్రైమిక్స్ కోర్సు అయిపోయింది, గేరు కూడా కొనేశాం. చెన్నైలో మంచి బోటు ఎవరిదో చెప్పు." నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. బెంగళూరు నుంచి అడిగేవాళ్లే ఎక్కువ. ఫోన్ నంబరు ఇచ్చేస్తే నాకు పని అయిపోతుంది కానీ, మీకు అవ్వదు. ఒకే బోటు సరైన మనుషుల చేతిలో ఒకలా ఉంటుంది, వేరేవాళ్ల చేతిలో ఇంకోలా ఉంటుంది. కాబట్టి ఎవరి బోటైనా సరే, మీరే ఎలా చూసుకోవాలో, ఎలా పరీక్షించాలో రాస్తున్నాను. ట్రైమిక్స్ అంటే లోతైన డైవ్‌ల కోసం హీలియం కలిపిన గ్యాస్. ఇది ఆ కోర్సుకి బదులు కాదు. కోర్సు పూర్తయినవాళ్లకే.

ఎందుకింత పట్టింపు? మామూలు డైవ్‌లో ఏదైనా తేడా వస్తే నెమ్మదిగా పైకి వచ్చేయొచ్చు. డీకో (డీకంప్రెషన్) డైవ్‌లో, అంటే పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్యలో స్టాపుల దగ్గర ఆగి తీరాల్సిన డైవ్‌లో, ఆ దారి మూసుకుపోతుంది. ముప్పావు గంట స్టాపులు మిగిలి ఉంటే, పైన ఏం జరుగుతున్నా ఆ ముప్పావు గంట నీళ్లలోనే ఉండాలి. ఈలోగా ప్రవాహం మిమ్మల్ని మోసుకుపోతూ ఉంటుంది. ఒక నాట్ వేగం అంటే నిమిషానికి దాదాపు 31 మీటర్లు. 45 నిమిషాల్లో 1.4 కిలోమీటర్లు. నీటి మీద మనిషి తల కొబ్బరికాయంత ఉంటుంది. కొద్దిపాటి అలలున్నా అంత దూరంలో అది ఎవరి కంటికీ ఆనదు.

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ముగ్గురం 48 మీటర్ల డైవ్ చేసి, 6 మీటర్ల దగ్గర ఆఖరి స్టాప్ ముగించుకుని పైకి వచ్చాం. బోటు కనిపించింది, అగ్గిపెట్టెంత. చెయ్యి ఎత్తి గట్టిగా ఊపాను. బోటు అంచున కూర్చున్న కుర్రాడు కూడా లేచి, చక్కగా చెయ్యి ఊపి మళ్లీ కూర్చున్నాడు. పలకరిస్తున్నామనుకున్నాడు. వాళ్లు గాలాలు వేసుకుంటున్నారు. 35 నిమిషాలు విజిల్ ఊదుతూ, గాలి నింపిన గుర్తు ట్యూబు నిటారుగా పట్టుకుని తేలుతూ ఉన్నాం. ఎక్కాక సరంగుని అడిగితే, "మీరు బాగానే ఉన్నారనుకున్నాం" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఏ సైగకి ఏ అర్థమో, ఎన్ని గంటలకి పైకి వస్తామో ఆ బోటులో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. కింద ఉన్న దాదాపు అన్ని జాగ్రత్తలూ ఆ రోజు నుంచి పుట్టినవే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- సరంగు, ఆయన కాకుండా బోటు నడపగలిగిన ఇంకొకరు, ఆ రోజు నీళ్లలోకి దిగని ఒక డైవర్. ఈ మూడో మనిషే పైన మీ కళ్లు, మీ గొంతు.
- రెండు ఇంజన్లున్న బోటు, లేదా పెద్ద బోటుతో పాటు ఒక చిన్న ఫైబర్ బోటు.
- చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్, బైనాక్యులర్స్. రేడియోకీ, జీపీఎస్‌కీ అదనపు బ్యాటరీలు.
- షాట్ లైన్ (సైటు మీద వేసి, పట్టుకుని దిగే తాడు): 25 కిలోల బరువు, లోతు కన్నా కొంచెమే ఎక్కువ పొడవున్న తాడు, పైన తేలే పెద్ద బుయ్.
- ప్రతి డైవర్‌కీ రెండు ఎస్‌ఎంబీలు (నీళ్లలోంచి గాలి నింపి పైకి పంపే గుర్తు ట్యూబులు), ఒకటి ఆరెంజ్, ఒకటి పసుపు. ట్యూబు తాడు చుట్టే రీళ్లు రెండు, విజిల్, చిన్న అద్దం.
- మెడికల్ ఆక్సిజన్, మాస్కులు. ఎంత కావాలో 2వ మెట్టులో లెక్క ఉంది.
- నీలం తెలుపు డైవ్ జెండా, అందరికీ లైఫ్ జాకెట్లు, తాగే నీళ్లు, నీడ.
- లామినేట్ చేసిన టైము కాగితం, చెరగని పెన్ను.

1. ముందు సముద్రాన్ని చూసి తేదీ పెట్టుకోండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. ఆ నెలల్లో డీకో డైవ్ ఆలోచనే వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మర బోట్లకి చేపల వేట నిషేధం. ఆ 61 రోజుల్లో చాలా బోట్లు రిపేరుకి ఒడ్డెక్కుతాయి, మనుషులు ఊళ్లకి వెళ్లిపోతారు. దొరికిన బోటుకి దొరికిన మనిషిని ఎక్కించే రోజులవి, జాగ్రత్త.

వారం ముందు నుంచే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, ప్రవాహాల అంచనాలు, వాతావరణ శాఖ హెచ్చరికలు రోజూ చూడండి. దాంతో పాటు సరంగుని అడగండి. చెన్నై జాలర్లు ఉత్తరం నుంచి దక్షిణానికి పారే నీటిని వన్ని అంటారు, దక్షిణం నుంచి ఉత్తరానికి పారేదాన్ని తెండి అంటారు. "ఇవాళ వన్నియా, తెండియా?" అని అడిగితే ఆయన ముఖంలో తేడా మీకే తెలుస్తుంది. జవాబు చెప్పలేని మనిషి వెంట లోతుకి వెళ్లకండి.

2. బోటుని ఒడ్డునే పరీక్షించండి

ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపొద్దు. ఒకరోజు ముందే వెళ్లి చూడండి.

ఇంజన్ మీ ఎదుటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయించండి. డైవర్‌ని ఎక్కించుకునేటప్పుడు ఇంజన్ ఆపేస్తారు కదా, మళ్లీ అవసరమైన క్షణంలో అది రెండో మాట లేకుండా అందుకోవాలి. డీజిలు లెక్క మూడు వంతులు: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, వెతకడానికి ఒకటి.

తర్వాత నిచ్చెన. వీపున ట్విన్‌సెట్ (జంట సిలిండర్లు), పక్కన రెండు స్టేజ్ సిలిండర్లతో మీ గేరు బరువు 60-70 కిలోలు ఉంటుంది. డీకో ముగించి వచ్చిన వెంటనే అంత బరువు మోస్తూ ఎక్కడం ఒంటికి మంచిది కాదు, బెండ్స్ (ఒంట్లో గ్యాస్ బుడగలు కట్టే జబ్బు) ముప్పు పెరుగుతుంది. నీళ్లలోనే సిలిండర్లు విప్పి ఇవ్వాలి, పైనున్నవాళ్లు తాడుతో లాగాలి. అంచు ఎంత ఎత్తులో ఉందో, వంగితే చెయ్యి నీళ్లకి అందుతుందో లేదో చూడండి.

ఆక్సిజన్ లెక్క అందరూ తప్పు చేసేదే. ఒక మనిషికి నిమిషానికి 15 లీటర్లు. మనకి మామూలుగా దొరికే బి టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది, అంటే 100 నిమిషాలు. సైటు నుంచి హార్బర్‌కి రెండు గంటలైతే ఒక్కరికే 1800 లీటర్లు. ఇద్దరూ ఒకే లోతులో, ఒకే టైములతో డైవ్ చేస్తారు కాబట్టి ఇబ్బంది వస్తే ఇద్దరికీ రావచ్చు: 3600 లీటర్లు. నిండు సిలిండర్లు మూడు ఉండాలి. చెన్నై దగ్గర లోతైన నీళ్ల కోసం చాలా దూరం పోవాలి కాబట్టి ఒక్క సిలిండర్‌తో సరిపెట్టుకోవద్దు. వాల్వుకీ, రెగ్యులేటరుకీ నూనె, గ్రీజు అంటనివ్వకండి. ఇంజన్ పని చేసిన చేతులతో ఆక్సిజన్ ముట్టుకోనివ్వకండి.

కాగితాలు కూడా చూడండి. చేపల బోటుకి మనుషుల్ని ఎక్కించుకునే అనుమతి, ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో అడగడానికి మొహమాటపడొద్దు. లేకపోతే వేరే బోటు.

ఏ రకం బోటు మేలని అడుగుతారు. ఒడ్డు నుంచే అలల్లోకి తోసే ఫైబర్ బోటు మామూలు డైవ్‌లకి చాలు. ఒక్క ఇంజన్‌తో, నిలబడటానికి చోటు లేని ఆ బోటు ఒక్కదాన్నే నమ్ముకుని డీకోకి వెళ్లొద్దు. పెద్ద మర బోటు నిలకడగా ఉంటుంది కానీ డైవర్ పక్కకి మెల్లగా తేలేదు. నా ఓటు ఎప్పుడూ రెండింటికీ కలిపి: పెద్దది తల్లిలా, చిన్నది వెంట తిరిగేదిలా. ఖర్చు పెరుగుతుంది. ఆరుగురు పంచుకోండి.

3. సరంగుతో డబ్బు మాట ముందే తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నా లెక్కలో ఇదే పెద్దది. డైవ్ జరిగినా జరగకపోయినా పూర్తి బాడుగ ఇస్తామని ముందే చెప్పండి, సగం చేతిలో పెట్టండి. డైవ్ జరిగితేనే డబ్బులన్నారా, సముద్రం ఎలా ఉన్నా "ఏం పర్లేదు" అనే మాటే వినిపిస్తుంది. ఆయనకీ ఇల్లు గడవాలి. వద్దనే హక్కు సరంగుకి ఇవ్వండి. ఆయన వద్దంటే వాదన లేదు.

ఇప్పుడు మేం వెళ్లే బోటు సరంగుది శ్రీకాకుళం జిల్లా. చెన్నై కాసిమేడు హార్బర్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్దాయన. మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మిమ్మల్ని ఒగ్గేసి ఎక్కడికెల్తాం బాబూ, కానీ ఏ టైముకి ఏటి సెయ్యాలో సెప్పండి" అన్నాడు. అడిగే సరంగు దొరికితే వదులుకోవద్దు.

ఇంకో షరతు: డైవర్లు నీళ్లలో ఉండగా గాలం వేయకూడదు, వంట పెట్టకూడదు, ఫోన్ చూడకూడదు. భోజనం డైవ్ అయ్యాక అందరం కలిసి.

4. టైము కాగితం రాయండి

ప్లాన్ మీ చేతి కంప్యూటర్లో ఉంటే బోటు మీదివాళ్లకి ఉపయోగం లేదు. గడియారం టైములో, పెద్ద అంకెల్లో రాయండి. దిగినప్పటి నుంచి లెక్కపెట్టే నిమిషాల రన్‌టైమ్ వాళ్లకి అక్కర్లేదు. ఉదాహరణకి:

7:40 దిగారు
8:05 అడుగు వదిలారు
8:12 ఆరెంజ్ ట్యూబు కనిపించాలి
8:20 కనిపించకపోతే వెతకడం మొదలు
8:50 పైకి రావాలి
9:10 రాకపోతే కోస్ట్ గార్డ్‌కి కబురు

ఆఖరి గీత కింద రాయాల్సినవి: వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16, కోస్ట్ గార్డ్ టోల్ ఫ్రీ 1554, సైటు జీపీఎస్ అంకెలు, డైవర్ల పేర్లు. సముద్రంలో కొంత దూరం పోయాక ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకే రేడియో తప్పనిసరి. ఒక కాపీ ఒడ్డున ఉన్న మనిషికి ఇచ్చి రండి. బెండ్స్‌కి చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ ఎక్కడుందో వెతికి, అది పని చేస్తోందా, నడిపే మనిషి ఆ వారం ఉంటాడా అని ఫోన్ చేసి కనుక్కున్నాకే ఆ నంబరు ఇందులో రాయండి.

5. సైగలు అందరితో చేయించండి

చెప్పడం కాదు, చేయించాలి. రెండు చేతులూ తల మీద గుండ్రంగా కలిపితే బాగున్నాం. చెయ్యి ఊపితే టాటా కాదు, ఆపద. ఆరెంజ్ ట్యూబు అంటే మామూలుగా వస్తున్నాం. పసుపు ట్యూబు అంటే సాయం కావాలి. ఈ రంగుల పద్ధతి అన్ని చోట్లా ఒకేలా ఉండదు, కాబట్టి మీ బోటులో ఏ రంగుకి ఏ అర్థమో మీరే ఖాయం చేయండి.

పసుపు ట్యూబుతో పాటు తాడు వెంబడి చిన్న పలక పైకి పంపుతాం. దాని మీద ఇంగ్లీషులో వాక్యాలు రాసేవాళ్లని చూశాను. బోటు మీదివాళ్లు చదవలేకపోతే? మేం అంకెలే వాడతాం: 1 అంటే గ్యాస్ దించండి, 2 అంటే మనిషిని దించండి, 3 అంటే స్టాపులు ఇంకా పెరిగాయి, ఆగండి. పక్కన సిలిండరు బొమ్మ, మనిషి బొమ్మ.

6. తక్కువ లోతులో రిహార్సల్ చేయండి

ఒక పూట బాడుగ దండగని చాలామంది ఇది వదిలేస్తారు. వదలొద్దు. పది పన్నెండు మీటర్ల నీళ్లలో, డీకో లేకుండా, ఈ నాలుగూ చేయండి.

మొదటిది, కనిపెట్టడం. బోటు అర కిలోమీటరు దూరంలో ఉండగా మీరు ట్యూబు పంపండి. ఎన్ని నిమిషాలకి చూశారో పైనున్న డైవర్ రాసుకోవాలి. ఎండకి ఎదురుగా ఒకసారి, వెనక నుంచి ఒకసారి. తేడా చూస్తే ఆశ్చర్యపోతారు.

రెండోది, దగ్గరికి రావడం. సరంగు మిమ్మల్ని ఎప్పుడూ తన కంటికి కనిపించే పక్కనే ఉంచుకోవాలి. ఆఖరి కొన్ని మీటర్లు ఇంజన్ న్యూట్రల్‌లో, డైవర్ చెయ్యి బోటుకి తగిలాక ఇంజన్ ఆఫ్. న్యూట్రల్‌లో ఉన్నా పొరపాటున గేరు పడొచ్చు, ప్రొపెల్లరు దగ్గర పొరపాటుకి రెండో అవకాశం లేదు.

మూడోది, సిలిండరు దించడం. అదనపు గ్యాస్ బోటు కింద వేలాడదీస్తే చాలనుకుంటారు. మీరు ఒకవైపు, గాలికి బోటు ఒకవైపు కొట్టుకుపోతే అది మీకు అందదు. మీ ట్యూబు తాడుకే క్లిప్ పెట్టి, దాని వెంబడి జారవిడవాలి. ఆక్సిజన్ సిలిండరైతే 6 మీటర్ల దగ్గర ఆగేలా ముడి వేసి, 50 శాతం ఆక్సిజన్ ఉన్న నైట్రాక్స్ అయితే 21 మీటర్ల దగ్గర. ఆక్సిజన్ అంతకన్నా లోతుకి జారితే దాన్ని పీల్చినవాడికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. సిలిండరు మీద లోతు అంకె అరచేయంత పెద్దగా రాయండి.

నాలుగోది కష్టమైనది: స్పృహ లేని మనిషిని పైకి లాగడం. మీలో ఒకరు ఒళ్లు వదిలేసి తేలండి. గేరు కోసైనా విప్పి, మనిషిని బోటులో వెల్లకిలా పడుకోబెట్టి, ముఖానికి ఆక్సిజన్ పెట్టేవరకు టైము చూడండి. మాకు మొదటిసారి 11 నిమిషాలు పట్టింది. మాస్కు ఏ సంచిలో ఉందో ఎవరికీ తెలియలేదు. నాలుగోసారికి 4 నిమిషాలకి వచ్చాం. మీ టైము సగానికి తగ్గేవరకు అసలు డైవ్ తేదీ పెట్టుకోవద్దు.

7. సైటులో ప్రవాహం కొలిచి షాట్ వేయండి

బోటు లంగరు మీద నిలిచాక, ముందు భాగం నుంచి ఒక కొబ్బరి బోండాం నీళ్లలో వేయండి. అది చాలావరకు మునిగే తేలుతుంది కాబట్టి గాలికి కాకుండా నీటితో పోతుంది. 10 మీటర్లు పోవడానికి 20 సెకన్లు పడితే ఒక నాట్, 40 సెకన్లు పడితే అర నాట్. కొత్త టీము, కొత్త బోటు అయితే అర నాట్ దాటాక దిగొద్దు. అడుగున నీరు వేరేలా పారుతుండొచ్చు, షాట్ తాడు ఎటు వంగిందో కూడా చూడండి.

దిగడానికి ముందు బోటు లంగరు ఎత్తి, ఇంజన్ మీద స్వేచ్ఛగా ఉండాలి. లంగరు వేసిన బోటు మీ వెంట రాలేదు. వలలు, పెద్ద ఓడల దారి దగ్గర్లో ఉంటే సైటు మార్చండి.

8. మీరు కింద ఉండగా బోటు చేయాల్సింది

ట్యూబు కనిపించేవరకు షాట్ బుయ్‌ని వదిలి పోకూడదు. కనిపించాక దాన్ని ఒక పక్కన, 30-50 మీటర్ల దూరంలో ఉంచుకుని వెంట రావాలి. ఒకరు ట్యూబు మీద నుంచి చూపు తిప్పకూడదు. పది నిమిషాలకి మనిషి మారాలి, ఎండలో కళ్లు అలసిపోతాయి. పైనున్న డైవర్ పది నిమిషాలకోసారి జీపీఎస్ అంకెలు రాయాలి.

8:20 అయింది, ట్యూబు లేదు. అప్పుడు షాట్ తీయకుండా, అక్కడ చిన్న బోటుని ఉంచి, పెద్ద బోటు ప్రవాహం పోయే వైపు మెల్లగా కదలాలి. ఒకరు బోటు కప్పు మీద ఎక్కాలి. రెండు టీములు దిగితే రెండూ ఒకే ప్రవాహంలో, ఒకరికొకరు కనిపించేంత దగ్గరలో స్టాపులు చేయాలి. విడిపోతే ఒక్క బోటు ఇద్దరి వెంటా పోలేదు.

9. ఎక్కాక లెక్క

తలకాయలు లెక్కపెట్టడం లెక్క కాదు. ఒకరు పేరు పిలవాలి, ఆ మనిషే తన గొంతుతో పలకాలి. పక్కవాడు "ఉన్నాడు, ఉన్నాడు" అంటే ఒప్పుకోకూడదు. 1998 జనవరి 25న ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవ్ బోటు లెక్క తప్పి ఇద్దరు డైవర్లని సముద్రంలో వదిలేసి వచ్చేసింది. వాళ్ల సంచి బోటులోనే మిగిలి ఉందని రెండు రోజులకి గమనించాకే సంగతి బయటపడింది. వాళ్లు దొరకలేదు.

తిమ్మిరి, కీళ్ల నొప్పి, విపరీతమైన నీరసం, చర్మం మీద మచ్చలు, తల తిరగడం: ఏది ఉన్నా పడుకోబెట్టి వెంటనే ఆక్సిజన్. "కాసేపాగి చూద్దాం" అని అనొద్దు, అననివ్వొద్దు. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఎట్టి పరిస్థితుల్లోనూ అతన్ని మళ్లీ నీళ్లలోకి దించకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

బెంగళూరు నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి, నిద్ర లేకుండా పొద్దున్నే దిగడం. ఇంత ఖర్చు పెట్టి వచ్చామన్న టెన్షన్‌లో, సముద్రం బాగా లేకపోయినా దిగేయడం. పైన ఉండాల్సిన డైవర్ ఆఖరి నిమిషంలో "నేనూ వస్తా" అంటే సరేననడం. ఈ మూడోది నేను చాలాసార్లు చూశాను. పైన ఎవరుంటారో చీటీ వేసి ముందే తేల్చుకోండి, తర్వాతి ట్రిప్పులో ఆ మనిషికి మొదటి అవకాశం.

ఇంకొకటి, పోయినసారి వచ్చిన బోటే కదా అని పరీక్ష మానేయడం. బోటు అదే, సరంగు మారి ఉండొచ్చు. మనుషులు మారితే రిహార్సల్ మళ్లీ మొదటి నుంచి.

అంతా సరిగ్గా ఉందని ఎలా తెలుస్తుంది?

బయలుదేరే ముందు కళాసీల్లో అందరికన్నా చిన్నవాణ్ణి పక్కకి పిలిచి నాలుగు ప్రశ్నలు అడగండి. పసుపు ట్యూబు వస్తే ఏం చేస్తావు? ఆక్సిజన్ ఎక్కడుంది? 9:10కి మేం రాకపోతే ఎవరికి చెబుతావు? సరంగుకి ఒంట్లో బాగా లేకపోతే బోటు ఎవరు నడుపుతారు? సరంగు వైపు చూడకుండా నాలుగింటికీ చెప్పగలిగితే దిగండి. ఒక్కటి తడబడినా కూర్చుని మళ్లీ చెప్పండి, పది నిమిషాల పని.

డైవ్ తర్వాత పైనున్న డైవర్ రాసిన కాగితం చూడండి. ట్యూబు పైకి వచ్చిన టైముకీ వాళ్లు చూసిన టైముకీ తేడా రెండు నిమిషాలు దాటితే కాపలా సరిగ్గా లేనట్టు. జీపీఎస్ అంకెల మధ్య ఖాళీలు ఉంటే ఆ సమయంలో ఎవరూ చూడలేదన్నమాట. ఎవరినీ తిట్టకుండా, ఆ ఖాళీ ఎందుకొచ్చిందో సరంగుతో కలిసి మాట్లాడండి.

తిరుగు ప్రయాణం

బెంగళూరువాళ్లకి ఒక మాట. మీ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. డీకో డైవ్ తర్వాత అంత ఎత్తుకి కారులో ఎక్కినా, విమానంలో పోయినా, ఒంట్లో మిగిలిన గ్యాస్ బుడగలు కట్టే ప్రమాదం ఉంటుంది. 24 గంటలైనా ఆగండి. శనివారం పొద్దున డైవ్ చేసి, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరతారు.